రెండో నోరు

గుర్రమే లేని ఊళ్లో కూర్చుని ఇరవై రెండేళ్లు గుర్రప్పందేలు ఆడిన మనిషి మా నాన్న. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన నేను అప్పటికి ఒక్క రేసు గుర్రాన్నీ కళ్లతో చూడలేదు. అయినా ఏ గుర్రం తడి నేల మీద మొరాయిస్తుందో, ఏది గుంపులో పడితే బెదిరిపోతుందో అడిగితే టక్కున చెప్పేదాన్ని. చదివింది హిందీ మీడియంలో. నాకు తెలుగు రాయడం వచ్చిందంటే అది నాన్న రేసు నోటుబుక్కు పుణ్యమే. ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. తప్పు రాస్తే పేజీ చింపనిచ్చేవాడు కాదు, కొట్టేసి పక్కనే మళ్లీ రాయమనేవాడు.

నాన్న పేరు పరంధామయ్య. హార్బరు ఆఫీసులో ఓడ సరుకు సరిచూసే గుమాస్తా. మద్రాసు ఓడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒక ఖలాసీ ఆయనకు గుర్రాల వివరాలు అచ్చేసిన రేసు పుస్తకం తెచ్చిచ్చేవాడు. గురువారం సాయంత్రం షాదీపూర్ మలుపులో ఉన్న గురునాథం గారి ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, మద్రాసులో ఉన్న తన చిన్ననాటి స్నేహితుడు తాతబ్బాయికి ఫోన్ చేసేవాడు. ఆ వారాంతంలో తాతబ్బాయి గిండీ రేసు మైదానానికి వెళ్లి నాన్న తరఫున పందెం కాసేవాడు. వారానికి ఒక్క గుర్రం, ఇరవై రూపాయలు, అంతే. కుదిరిన గుర్రం లేకపోతే ‘ఈ వారం లేదు’ అని నాచేత రాయించి హాయిగా అన్నం తినేవాడు. గెలిచిందెంత, పోయిందెంత అన్నది మా నోటుబుక్కులో ఎక్కడా ఉండదు. ఎందుకు కాశాం, అనుకున్న కారణానికే గెలిచిందా, వేరే కారణానికి గెలిచిందా, అదే ఆయనకు కావాలి. వేరే కారణానికి గెలిచిన రోజున ఆయన ముఖం చూడాలి, ఓడిపోయినవాడు నయం.

ఆయనకు రెండు పట్టింపులు. గుర్రం గురించి ఎవరేం చెప్పినా, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరి నోట వింటే తప్ప నమ్మడు. “ఒక్క నోరంటే పుకారే అమ్మడూ. రెండో నోరు రానీ” అనేవాడు. నా పేరు కావేరి అయినా ఆయనకు ఎప్పుడూ అమ్మడునే. ఇక రెండో పట్టింపు, ‘ఇంకొక్కటి’ అన్న మాట అనకూడదు. ఈ ఒక్కటీ చూసి మానేస్తాను అన్నవాళ్లను చూస్తే నాన్నకు కోపం కూడా వచ్చేది కాదు, జాలిపడేవాడు. “అయిపోయాడు పాపం” అని నోటుబుక్కు మూసేవాడు.

అమ్మకి ఇదంతా గిట్టదు. “ఇంట్లో ఉప్పుందో లేదో తెలీదు గానీ, మద్రాసులో గుర్రానికి జలుబు చేస్తే ఈయనకి తెలిసిపోతాది” అని దెప్పేది. నాన్న ఫోన్లో తాతబ్బాయిని గుచ్చి గుచ్చి అడగడం, నువ్వు కళ్లతో చూశావా, ఎవరైనా చెబితే విన్నావా అని నిలదీయడం విని విని ఆవిడకు ఆ పట్టింపులు కంఠతా వచ్చేశాయి. వచ్చని మాత్రం ఒప్పుకునేది కాదు.

అన్నయ్య భానుప్రకాష్ మాకు దక్షిణాన ఉన్న కార్ నికోబార్ దీవిలో టీచరు. గురువారం నాన్న బూత్‌లో ఉంటాడని తెలుసు కాబట్టి ఆ వేళకే ఫోన్ చేసేవాడు. 2004 డిసెంబరు 23న కూడా చేశాడు. ఆ రోజు అమ్మా నేనూ కూడా బూత్‌కి వెళ్లాం, వాడు సెలవులకు ఏ ఓడలో వస్తున్నాడో కనుక్కుందామని.

“క్రిస్మస్‌కి ఇక్కడే ఉంటానమ్మా” అన్నాడు. “మా పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, రెఫరీ నేనే. నేను లేకపోతే కొట్టేసుకుంటారు. తర్వాతి ఓడకి వచ్చేస్తాను.”

అమ్మ అలిగి ఫోన్ నాకిచ్చేసింది. నేను నాన్నకిచ్చాను.

“ఏ గుర్రం నాన్నా?”

“ఈ వారం లేదురా.”

“అయితే వినండి. ఎండాకాలం సెలవుల్లో మిమ్మల్ని మద్రాసు తీసుకెళ్తున్నాను. ఎప్పుడో కుర్రతనంలో చూశారు కదా గుర్రాన్ని, మళ్లీ ఒకసారి కళ్లారా చూద్దురు గాని.”

“చూస్తే ముద్దొస్తాదిరా. ముద్దొచ్చిందంటే బుర్ర పనిచెయ్యదు” అని విసుక్కున్నాడు నాన్న. ఇంటికొచ్చాక మాత్రం గోడమీది కొత్త క్యాలెండర్ తీసి, మే నెల పేజీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. గిన్నెలు దొర్లాయి, అందరం రోడ్డు మీదికి పరుగెత్తాం. మిన్నీ బే వైపు సముద్రం రోడ్డెక్కిందని ఎవరో అరుస్తూ వచ్చారు. మా ఇల్లు మిట్టమీద కాబట్టి మాకేం కాలేదు. మధ్యాహ్నానికి రేడియోలో, సముద్రం ముంచేసిన చోట్లలో కార్ నికోబార్ పేరు వచ్చింది. నాన్న బూత్‌కి వెళ్లి అన్నయ్య నంబరు తిప్పుతూనే ఉన్నాడు. గురునాథం గారు షట్టర్ వేయకుండా ఆయన పక్కనే కూర్చున్నారు.

ఆ తర్వాత పదిహేను రోజులు మేం ముగ్గురం ఎక్కడ తిన్నామో, ఎప్పుడు పడుకున్నామో నాకు గుర్తులేదు. విమానాల్లో మనుషుల్ని తెస్తున్నారు, ఓడల్లో తెస్తున్నారు, స్కూళ్లన్నీ క్యాంపులయ్యాయి. గోడల మీద పేర్ల కాగితాలు అంటించేవారు. జెట్టీకి వెళ్లి ఓడలు చూసే పని నాన్నది, ఆ కాగితాలు చదివే పని నాది. భా అక్షరంతో మొదలయ్యే పేరు కనిపిస్తే చాలు, వేలు పెట్టి రెండుసార్లు చదివేదాన్ని.

జనవరి రెండో వారంలో ఒక క్యాంపులో దేవేంద్ర దొరికాడు. కార్ నికోబార్‌లోనే మలక్కా అనే ఊళ్లో మనవాళ్ల కిరాణా కొట్లో పనిచేసేవాడు, విమానంలో వచ్చాడు. కాలికి కట్టు.

“భాను మాస్టర్‌జీనా? దేఖా మైనే, అంకుల్, నా కళ్లతో చూశాను. ఒక చిన్న పాపని భుజం మీద వేసుకుని లోపలి జంగిల్ వైపు భాగ్ రహే థే. మేం ఇటు పరుగెత్తాం, ఆయన అటు. బాద్ మే పతా నహీ, ఏమయ్యారో తెలీదు.”

అమ్మ అక్కడే కూలబడి అతని కాళ్లకు దండం పెట్టింది. నాన్న నిలబడే ఉన్నాడు. ఎంత దూరంలో ఉన్నావు, ముఖం చూశావా వెనకనుంచి చూశావా, ఆ పాప ఎవరి పాప అని అడిగాడు. ఇంటికొచ్చాక రేసు నోటుబుక్కు తెరిచి, ‘ఈ వారం లేదు’ అన్న పేజీ తర్వాతి పేజీలో నన్ను రాయమన్నాడు. దేవేంద్ర, విమానంలో వచ్చాడు, ముఖం చూశానన్నాడు, అడవి వైపు, ఒక నోరు. అక్షరాలు వంకర పోయాయి. ఆయన కొట్టేసి మళ్లీ రాయమనలేదు.

సర్కారు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. తప్పిపోయినవాళ్లు ఇక లేరని ఒప్పుకుంటూ తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాల్సిన కాగితం అది. దాని వెనకాల వచ్చే డబ్బు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్న దాన్ని నోటుబుక్కులో పెట్టాడు.

“నెలాఖరుదాకా చూస్తాను. రెండో నోరు రాకపోతే సంతకం పెట్టేస్తాను. జెట్టీకి వెళ్లడం కూడా ఆపేస్తాను. లేనిదాన్ని ఉందనుకుని తిరగడం మంచిది కాదు” అన్నాడు.

అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. “వాడు మీ కొడుకండీ, గుర్రం కాదు.”

“గుర్రమైతే నేనింత జాగ్రత్త పడను వీరలక్ష్మీ.”

నాకు నాన్న మీద అసహ్యం వేసింది, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. రాయి అనుకున్నాను.

నెలాఖరుకి మూడు రోజులుందనగా అమ్మ తుష్నాబాద్ వెళ్లొచ్చింది. అక్కడ మా దూరపు బంధువుల ఇంట్లో గవరమ్మ అనే ఆవిడ ఉంటోందని, కార్ నికోబార్‌లో కాంట్రాక్టరు దగ్గర కూలిపని చేసేదని, అన్నయ్యని చూసిందని చెప్పింది. చెప్పేటప్పుడు నాన్న వైపు చూడలేదు, కూరగాయల సంచీ విప్పుతూ చెప్పింది.

మర్నాడే నాన్న నన్ను తీసుకుని బస్సెక్కాడు. సిప్పీఘాట్ దగ్గర పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి నిలిచిపోయాయి. వక్కచెట్లు నీళ్లలో నిలబడి ఎండిపోతున్నాయి. నాన్న కిటికీలోంచి బయటికి చూడకుండా నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

గవరమ్మ నలభై ఏళ్ల మనిషి, బక్కగా ఉంది. మమ్మల్ని చూడగానే కొంగు భుజంచుట్టూ కప్పుకుని లేచి నిలబడింది.

“దేవేంద్ర అనే అబ్బాయిని ఎరుగుదువా అమ్మా?” అని మొదలుపెట్టాడు నాన్న.

“నానెరగను బాబూ. నాను ఓడలో వొచ్చినాను.”

“ఏ క్యాంపులో ఉన్నావు?”

“ఏ కేంపులోనూ లేను. జెట్టీ కాడ్నుంచి తిన్నగా ఈలింటికే వొచ్చీసినాను.”

“మాస్టారిని చూసినప్పుడు ఒంటిమీద ఏముంది?”

గవరమ్మ కాసేపు నేల చూసింది. “నీలం గళ్ల లుంగీ బాబూ. ఎగ్గట్టుకుని కొబ్బరితోటలోంచి అడివిలోకి ఎలిపోనాడు. సంకలో ఒక గుంట ఉంది, సిన్న పాప.”

నీలం గళ్ల లుంగీ అన్నయ్య ఇంట్లో ఉన్నన్నాళ్లూ వదలని లుంగీ. కార్ నికోబార్ వెళ్లేటప్పుడు అమ్మే సంచీలో సర్దింది. బస్సులో తిరిగొస్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పటి తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

“లుంగీ సంగతి దేవేంద్ర చెప్పలేదు అమ్మడూ. అంటే ఈవిడ ఎక్కడో విని చెబుతున్నది కాదు. ఒకళ్లు విమానం, ఒకళ్లు ఓడ. రెండూ వేరే నోళ్లు.”

ఇంటికి రాగానే ‘రెండో నోరు’ అని నాచేత రాయించాడు. ఆఫీసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువా మీద పడేశాడు. అమ్మ ఆ పూట పులిహోర చేసింది. ముగ్గురం నెల తర్వాత ఒక్కచోట కూర్చుని తిన్నాం. నేను కడుపునిండా తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ఆ తర్వాత కూడా నికోబార్ ఓడ వస్తోందంటే నాన్న ఆఫీసులో చెప్పి ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్లేవాడు. దక్షిణాన ఒక దీవిలో నెల దాటాక కూడా అడవిలోంచి మనుషులు బయటికొచ్చారని విన్నాం. ఆయన ఆ మాటను కూడా ఇద్దర్ని అడిగి నిర్ధారించుకున్నాడు. రేసు పుస్తకాలు వస్తూనే ఉన్నాయి గానీ ఒక్కటీ తెరవలేదు. గురువారం తాతబ్బాయే బూత్‌కి ఫోన్ చేసి గురునాథం గారిని అడిగేవాడు, పరంధామయ్య వచ్చాడా అని. లేదండీ, జెట్టీకి వెళ్లారు అని ఆయన చెప్పేవారు.

ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఓడల్లో దిగేవాళ్లు తగ్గారు. చివరికి పోలీసులు, ఆఫీసర్లు, సిమెంటు పనివాళ్లు మాత్రమే దిగేవారు. నాన్న ఒక్కొక్క ముఖమే చూసి, ఆఖరి ఖలాసీ దిగేదాకా ఉండి ఇంటికి వచ్చేవాడు. “ఈ ఓడలో లేడు” అని అమ్మకి చెప్పి కాళ్లు కడుక్కునేవాడు.

మే నెల మొదట్లో వానలకి ముందు బట్టలన్నీ ఎండలో వేయడం మా ఇంట్లో అలవాటు. లేకపోతే బూజు పట్టేస్తాయి. అమ్మ బజారుకెళ్లింది. మంచం కింద అన్నయ్య పాత ట్రంకుపెట్టె ఉంది. డిసెంబరు నుంచి దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. వాడొచ్చేసరికి బట్టలు పాడైపోతాయి కదా అని నేనే లాగి తెరిచాను. రెండు చొక్కాలు, ఒక స్వెట్టరు, అడుగున న్యూస్‌పేపరు. పేపరు కింద నీలం గళ్ల లుంగీ.

సంచీ బరువైందని వెళ్లే రోజున తీసి పెట్టేసి ఉంటాడు. అమ్మకి చెబితే ఊరుకోదని పేపరు కింద దాచాడు. అది వాడి బుద్ధి. నేను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. తర్వాత దులిపి తీగ మీద వేశాను. ఆ లుంగీ అక్కడ ఉండటమంటే ఏమిటో నాకు అప్పటికింకా తట్టలేదు. ఇంత మందబుద్ధి నాకెలా వచ్చిందో తెలియదు.

నాన్న జెట్టీ నుంచి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విప్పకుండా తీగ దగ్గరికి వచ్చాడు. లుంగీ అంచు పట్టుకుని, ఒకచోట సిగరెట్టు చురక పడి చిన్న చిల్లు ఉండాలి, దానికోసం వెతికాడు. దొరికింది. వేలు అందులో పెట్టి కాసేపు నిలబడ్డాడు.

“ఎక్కడుంది ఇది?”

“పెట్టెలో నాన్నా. పేపరు కింద.”

అప్పుడు నాకు అర్థమైంది. లుంగీ ఇక్కడే ఉంటే, గవరమ్మ అక్కడ చూసిందేమిటి?

నాన్న దాన్ని తీసి, నాలుగు అంచులూ కలిపి జాగ్రత్తగా మడతపెట్టాడు. “మబ్బేస్తోంది, మిగతావి కూడా తీసెయ్” అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. లోపలికెళ్లి లుంగీని పేపరు కింద ఎక్కడిదక్కడ పెట్టి, పెట్టె మంచం కిందికి తోశాడు. లేస్తూ నా వైపు చూడకుండా అన్నాడు, “అమ్మకి చెప్పకు.”

నోటుబుక్కు తీస్తాడనుకున్నాను. తప్పు అని తేలితే కొట్టేసి పక్కన సరైనది రాయడం ఆయన పద్ధతి. తీయలేదు.

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లాక అమ్మ వంటింట్లో చేప కోస్తోంది. లుంగీ మాట ఎత్తకుండా, “ఆ గవరమ్మ మనకు అబద్ధం చెప్పిందేమోనమ్మా” అన్నాను.

అమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. “దాన్నేమీ అనకు. దానికేటి తెలుసు పాపం, మీ అన్నని అదెప్పుడూ చూసిందే కాదు. నేను చెప్పమన్న మాట చెప్పింది.”

నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

“దేవేంద్రని ఎరగనని చెప్పమన్నాను, అది నిజమే. పాప సంగతి చెప్పమన్నాను. దేవేంద్ర చెప్పనిది ఇంకొకటి ఉండాలి, లేకపోతే మీ నాన్న నమ్మడు. అందుకని లుంగీ పెట్టాను. ఇరవై రెండేళ్లు విన్నానే ఆ ఫోన్లు, ఆమాత్రం తెలీదా నాకు?” అంది. చేప ముక్కలు నీళ్లలో వేసింది. “ఒక్క నోరైతే నెలాఖరుకి సంతకం పెట్టేసి జెట్టీకి వెళ్లడం మానేస్తానన్నాడు కదే. ఒకవేళ వాడు నిజంగా దిగితే? జెట్టీలో మనవాళ్లెవరూ లేకుండా దిగితే?”

“ఇప్పుడు చెప్పేయొచ్చు కదా.”

“ఇప్పుడా? ఆ మనిషి ఎలా అయిపోయాడో చూస్తున్నావా, మెడమీద ఎముకలు కనిపిస్తున్నాయి. మానెయ్యండి అందామనే ఉంటాది రోజూ. అబద్ధమని తెలిస్తే ఆ పూటే పోతాడు. మీ నాన్నకి చెప్పకు.”

ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు నాకు ఒకే మాట చెప్పినట్టయింది, ఆ రెండో నోరు అబద్ధమని. నాన్న పట్టింపు ప్రకారం అది నమ్మి తీరాల్సిన మాట. అన్నయ్య ఇక రాడని నేను ఆ రోజు, ఆ వంటింట్లో, చేపల వాసన మధ్య నమ్మాను. బియ్యం డబ్బా వెనక్కి వెళ్లి నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. అమ్మ చూసింది, ఎందుకని అడగలేదు.

ఆ తర్వాత మూడు ఓడలు వచ్చాయి. నాన్న మూడింటికీ వెళ్లాడు. లేడని తెలిసీ వెళ్లి, లేడని చూసి వచ్చి, “ఈ ఓడలో లేడు” అని అమ్మకి చెప్పేవాడు. అబద్ధమని తెలిసీ అమ్మ ప్రతిసారీ ఆత్రంగా గేటు దాకా ఎదురెళ్లేది. నేను ఇద్దరికీ మంచినీళ్లిచ్చేదాన్ని. ఎవరిని చూసి జాలిపడాలో నాకు తెలిసేది కాదు.

మే నెలాఖరున వాన పట్టుకుంది. నాన్నకి దగ్గు మొదలైంది. ఒక గురువారం పొద్దున్న నికోబార్ ఓడ వస్తోందని తెలిసి ఆయన చొక్కా వేసుకుంటుంటే, అమ్మ బీరువా మీంచి ఆ కాగితం దించింది. మడతలు విప్పి, బల్లమీద పెట్టి, పెన్ను తెమ్మని నన్ను అడిగింది. అమ్మకి సంతకం ఒక్కటే వచ్చు, అది కూడా హిందీలో, నేను నేర్పిందే. ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా వీరలక్ష్మి అని రాసింది. రాస్తున్నంతసేపూ నాన్న బొత్తాం పట్టుకుని అలాగే ఉన్నాడు.

“నేను పెట్టేశానండీ” అంది. “ఇంక మీరు వెళ్లక్కర్లేదు. తడిస్తే దగ్గు ఎక్కువవుతాది.”

ఆవిడ గొంతులో భయం నాకు వినిపించింది. గవరమ్మ మాట ఏమైందని అడుగుతాడేమో, రెండు నోళ్లు ఉండగా ఎందుకు పెట్టావంటాడేమో అని. నాన్న అడగలేదు. ఆ కాగితం దగ్గరికి వచ్చి, సంతకం తడి ఆరేదాకా చూసి, నోటుబుక్కులో పెట్టాడు. అమ్మ తల మీద చెయ్యి వేశాడు. నా ఎదుట ఆయన అలా చేయడం ఎప్పుడూ చూడలేదు. అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. గవరమ్మ మాట అబద్ధమని ఆయనకు తెలుసునని అప్పుడు ఆవిడకు అర్థమైంది.

ఇక అయిపోయిందనుకున్నాను. చెప్పాలంటే ఊపిరి తీసుకున్నాను కూడా. చొక్కా విప్పి కూర్చుంటాడు, టీ పెడదామని వంటింటి వైపు రెండడుగులు వేశాను. దూరంగా ఓడ కూత వినిపించింది. నాన్న మిగిలిన బొత్తాలు పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఏటండీ?” అంది అమ్మ.

“ఈ ఒక్క ఓడా చూసొచ్చి మానేస్తాను” అన్నాడు.

ఆ మాట అన్నవాళ్లను నాన్న ఏమనేవాడో అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ మేకుకున్న గొడుగు తీసి, విప్పి, ఆయన చేతికిచ్చింది. ఆ తర్వాతి ఓడకి కూడా ఆయన అదే మాట అని వెళ్లాడు.